ఫ్రాస్ట్ అట్రోనాక్ నిజంగా పనికిరానిదేనా?

మారతహళ్లిలో పీజీలో ఉంటూ ఆఫీసు పని ముగిశాక రాత్రిపూట స్కైరిమ్ అనే వీడియో గేమ్ ఆడుతున్నానని, మీ పాత్ర బ్రెటన్ జాతి మాంత్రికుడని, కష్టస్థాయిని మాస్టర్‌లో పెట్టుకున్నానని రాశారు. కంజురేషన్ (జీవులను పిలిచే మంత్రవిద్య) నైపుణ్యం 52కు చేరాక ఎంతో ఆశతో ఫ్రాస్ట్ అట్రోనాక్ అనే మంచు జీవిని పిలిచే మంత్రం కొన్నారని, తీరా చూస్తే అది సమాధుల్లో చనిపోయి లేచిన డ్రాగర్లను చంపలేకపోతోందని, ఇరుకు దారుల్లో మీకే అడ్డంగా నిలబడుతోందని, హీలింగ్ హ్యాండ్స్ మంత్రం వేసినా దాని ఆరోగ్యం పెరగడం లేదని, పైగా ఒక్కోసారి ఎంత పిలిచినా అసలు రావడమే లేదని మీ బాధ. పీజీలో మీ గదిలోనే ఉండే మిత్రుడు దాన్ని వదిలేసి పాత ఫ్లేమ్ అట్రోనాక్ అనే నిప్పు జీవికే తిరిగి వెళ్లమన్నారట. వెళ్లాలా వద్దా అన్నది మీ ప్రశ్న.

వెళ్లనవసరం లేదు. ఈ ఆట 2011 నవంబరు 11న విడుదలైన నాటి నుంచి మాంత్రికుడి పాత్రతోనే ఎక్కువగా ఆడుతూ వచ్చినవాడిగా, మీరు చెప్పిన నాలుగు ఇబ్బందులకూ నాలుగు వేర్వేరు కారణాలున్నాయని, వాటిలో ఒక్కటి కూడా ఆ జీవి పనికిరానిదని చెప్పడానికి చాలదని నమ్మకంగా అనగలను. అది ఎంతమందిని చంపింది అని లెక్కపెట్టడం మానేసి, శత్రువు మీ దాకా రాకుండా ఎంతసేపు ఆపింది అని చూడడం మొదలుపెడితే దాని విలువ తెలుస్తుంది. గుడి వాకిట ద్వారపాలకుడిని నిలబెట్టేది లోపలికి ఎవరూ దూసుకురాకుండా చూడడానికే కదా, ఫ్రాస్ట్ అట్రోనాక్ పని కూడా సరిగ్గా అదే.

ముందు డ్రాగర్ల సంగతి చూద్దాం, ఎందుకంటే మీ నిరాశంతా అక్కడే మొదలైనట్టు కనిపిస్తోంది. డ్రాగర్లకు మంచు దెబ్బను సగానికి సగం తట్టుకునే గుణం పుట్టుకతోనే ఉంటుంది. ఫ్రాస్ట్ అట్రోనాక్ కొట్టే ప్రతి దెబ్బలోనూ మంచు ఉంటుంది కాబట్టి, వాటి మీద దాని దాడి పేలవంగా కనిపించడంలో వింత ఏమీ లేదు. అయితే ఇదే లెక్కను రెండో వైపు నుంచి కూడా చూడాలి. సమాధుల్లో కాస్త బలమైన డ్రాగర్లు దూరం నుంచి మీ మీదకు విసిరే మంత్రాలు చాలావరకు మంచు మంత్రాలే, ఫ్రాస్ట్ అట్రోనాక్‌ను మాత్రం మంచు ఏమీ చేయలేదు. విషం కూడా దానికి ఎక్కదు. అంటే, ఆ సమాధుల్లో దాని దాడి ఎంత బలహీనమో దాని రక్షణ అంత బలమైనది. మీ మిత్రుడు చూసింది మొదటి సగాన్ని, నేను మీకు చూపించాలనుకుంటున్నది రెండో సగాన్ని.

మీరు మాస్టర్ స్థాయిలో ఆడుతున్నారన్న విషయం ఇక్కడ చాలా ముఖ్యం. ఆ స్థాయిలో మీరు కొట్టే దెబ్బ సగానికి తగ్గుతుంది, మీకు తగిలే దెబ్బ రెట్టింపవుతుంది. లెజెండరీలో అయితే మీ దెబ్బ నాలుగో వంతుకు పడిపోయి, మీకు తగిలేది మూడు రెట్లవుతుంది. ఈ హెచ్చుతగ్గులు ఆటగాడికి మాత్రమే వర్తిస్తాయి. మీరు పిలిచిన జీవి కొట్టే దెబ్బ సగమవ్వదు, దానికి తగిలే దెబ్బ రెట్టింపవ్వదు. కనుక ఒక గండ్రగొడ్డలి దెబ్బ మీ మీద పడకుండా అట్రోనాక్ మీద పడిందంటే, అది మీకు రెట్టింపు బరువుతో తగలవలసిన దెబ్బ, దాని దగ్గరకు మామూలు బరువుతోనే వెళ్లింది. కష్టస్థాయి పెరిగేకొద్దీ రక్షణ కోసం పిలిచే జీవుల విలువ పెరగడానికి ఇదే మూలం. మామూలు కష్టస్థాయి అయిన అడెప్ట్‌లో ఆడేవారికి ఈ తేడా అంతగా తెలియదు. మీ మిత్రుడు ఏ స్థాయిలో ఆడుతున్నారో ఒకసారి అడిగి చూడండి, మీ ఇద్దరి అభిప్రాయాలు వేరుగా ఉండడానికి కారణం అక్కడే దొరకవచ్చు.

ఇక దారికి అడ్డం రావడం. ఫ్రాస్ట్ అట్రోనాక్ భారీ శరీరం గలది, ఇరుకైన ద్వారంలో నిలబడితే దాని పక్కనుంచి మీరూ వెళ్లలేరు, శత్రువూ రాలేడు. చాలామంది దీన్ని లోపంగా చెబుతారు. నా దృష్టిలో దానికున్న అతి పెద్ద బలం ఇదే, కాకపోతే ఆ ద్వారం ఏదో, ఎప్పుడో మీరే నిర్ణయించాలి. ఈ ఆటలో శత్రువులను బలవంతంగా తన వైపు తిప్పుకునే శక్తి మీ జీవికి లేదు. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో వార్‌లాక్ పిలిచే వాయిడ్‌వాకర్‌కు అలాంటి శక్తి ఉంటుంది కాబట్టి అక్కడ దాన్ని ఎక్కడ నిలబెట్టినా కొంతవరకు నడుస్తుంది. స్కైరిమ్‌లో మాత్రం శత్రువు తనకు కనిపించినవారిలో ఎవరు దగ్గరో, ఎవరు అందుబాటులో ఉన్నారో చూసుకుని మీదపడతాడు. అందుకే ఇక్కడ జీవి నిలబడే చోటే దాని ఆయుధం. విశాలమైన గది మధ్యలో దాన్ని పిలిస్తే శత్రువులు రెండు పక్కలనుంచీ తిరిగి మీ దగ్గరకు వచ్చేస్తారు. అదే గదిలోకి తెరుచుకునే ద్వారంలో పిలిస్తే ఒక్కడు కూడా దాటలేడు.

ఈ మధ్య ఒక ఆదివారం కె.ఆర్. పురంలోని మా ఇంటికి, మా కింద కొత్తగా ఉద్యోగంలో చేరిన గుంటూరు కుర్రాడు ఒకడు లాప్‌టాప్ పట్టుకుని వచ్చాడు. అతనిదీ అచ్చం మీ సమస్యే. సమాధిలో ఒక పొడవైన నడవ, దానికి రెండు వైపులా గోడల్లో అరలు, ఆ అరల్లో పడుకున్న డ్రాగర్లు, నడవ చివర గదిలో నిటారుగా నిలబెట్టిన రాతి శవపేటికలో ఒక డెత్‌లార్డ్, అంటే బాగా బలమైన డ్రాగర్. కుర్రాడు నడవ మధ్యదాకా పరుగెత్తి వెళ్లి, శవాలన్నీ లేచాక, అప్పుడు అట్రోనాక్‌ను పిలుస్తున్నాడు. అది అతని ముందు నిలబడుతోంది, వెనక అరల్లోంచి లేచినవి అతన్ని నరుకుతున్నాయి, ముందుకు పోదామంటే అట్రోనాక్ అడ్డం. "చూశారా అన్నా, ఇదే నన్ను చంపిస్తోంది" అన్నాడు. నేను మౌస్ తీసుకుని నడవ మొదట్లోని ద్వారం దగ్గరకు వెనక్కి వచ్చాను. ద్వారానికి ఇవతల నిలబడి, గురిని ద్వారబంధానికి అవతలి నేలమీద పెట్టి మంత్రం వేశాను. ఊదారంగు వెలుగు సుడి తిరిగి, మంచు దిబ్బలాంటి ఆ శరీరం ద్వారం నిండా నిలబడింది. ఆ తర్వాతే నిద్రలో ఉన్నవాటి మీదకు ఒక మంత్రం విసిరాను. అవి ఒక్కొక్కటే లేచి ద్వారం దాకా వచ్చి అక్కడే ఆగిపోయాయి. ఒకటి గొడ్డలితో అట్రోనాక్‌ను కొడుతుంటే దాని వెనక ఉన్నవి ముందుకు రావడానికి చోటు లేక కదలాడుతున్నాయి. కుర్రాడు కుర్చీ ముందుకు లాక్కుని చూస్తూ కూర్చున్నాడు. అతని మంత్రమే, అతని నైపుణ్యమే, ఒక్క పెర్క్ (నైపుణ్యంతోపాటు ఎంచుకునే అదనపు శక్తి) కూడా మార్చలేదు.

అయితే ద్వారం మూసేశాక మీరు దాని వెనకనుంచి ఏం చేయాలన్న ప్రశ్న వస్తుంది, దీని గురించి తగినంతగా ఎవరూ రాయరు. మీ మంత్రాలు మీ జీవికి కూడా తగులుతాయి. ఫ్రాస్ట్ అట్రోనాక్ నిప్పుకు బలహీనం. కాబట్టి దాని వెనక నిలబడి ఫైర్‌బాల్ విసిరితే, ఆ పేలుడులో మీ గోడను మీరే కూల్చుకుంటున్నారన్నమాట. దానికి బదులు ఐస్ స్టార్మ్ వాడండి. అది కూడా ఫైర్‌బాల్‌లాగే అడెప్ట్ (ఇక్కడ ఇది మంత్రాల మధ్య అంచె పేరు) మంత్రమే. నెమ్మదిగా సాగే ఆ మంచు సుడి ఒకరి దగ్గర ఆగకుండా దారిలో ఉన్న అందరిలోంచీ సాగిపోతుంది, మంచు వల్ల మీ అట్రోనాక్‌కు రవ్వంత కూడా నష్టం జరగదు. అంటే మీ గోడలోంచే మీరు దాడి చేయగలరు, అవతలివారు మాత్రం చేయలేరు. డ్రాగర్లకు మంచు సగమే తగులుతుంది కాబట్టి సమాధుల్లో ఇది కాస్త నిదానంగా సాగుతుంది, అది నిజమే. కానీ వరుసలో నిలబడిపోయిన నలుగురికి ఒకే మంత్రం తగులుతున్నప్పుడు ఆ సగం కూడా తక్కువేమీ కాదు. బందిపోట్ల కోటల్లో, మంచు దెబ్బను తట్టుకోలేని శత్రువుల మీద ఇదే పద్ధతి వాడి చూడండి, తేడా మీకే తెలుస్తుంది. మీరు నిప్పు మంత్రాలకే అలవాటు పడి ఉంటే మాత్రం ఫ్లేమ్ అట్రోనాక్ మీకు నప్పుతుందన్న మీ మిత్రుడి మాటలో పస ఉంది, ఎందుకంటే మీ నిప్పు దాన్ని ఏమీ చేయదు. ఏ మంత్రాలు వాడతారో చూసుకుని దానికి తగిన జీవిని ఎంచుకోవాలి, లేదా జీవిని చూసుకుని మంత్రాలను ఎంచుకోవాలి. రెండూ విడివిడిగా ఎంచుకున్నప్పుడే చిక్కు.

ఫ్లేమ్ అట్రోనాక్ గురించి ఇంకొక్క మాట. అది దూరంనుంచి నిప్పు విసిరే జీవి. శత్రువుకు, మీకు మధ్య నిలబడాలన్న పట్టింపు దానికి ఉండదు. చనిపోయేటప్పుడు పేలి చుట్టుపక్కలవారిని కాలుస్తుంది, అది మంచి గుణమే. కానీ శత్రువు దాన్ని పక్కన పెట్టి నేరుగా మీ మీదకు వస్తే ఆపేవారు ఎవరూ ఉండరు. పైగా ఈ జీవుల స్థాయి మీతోపాటు పెరగదు. ఫ్లేమ్ అట్రోనాక్ స్థాయి 5, ఫ్రాస్ట్ అట్రోనాక్ స్థాయి 16, స్టార్మ్ అట్రోనాక్ స్థాయి 30, అంతే. మీరు ఆటలో పైకి వెళ్లేకొద్దీ వెనక్కి వెళ్లి పాత జీవిని పట్టుకోవడం వల్ల కష్టమే ఎక్కువవుతుంది.

ఇప్పుడు ఆరోగ్యం సంగతి. మీ ఆటలో లోపమేమీ లేదు. హీలింగ్ హ్యాండ్స్ మంత్రం వివరణను మంత్రాల పట్టికలో మరోసారి జాగ్రత్తగా చదవండి. చనిపోయి లేచినవాటికి, అట్రోనాక్‌లకు, యంత్రాలకు అది పనిచేయదని అందులోనే ఉంది. దానికంటే పెద్దదైన హీల్ అదర్‌కూ అదే నియమం. కాబట్టి అట్రోనాక్‌ను బాగుచేసే దారి ఒక్కటే, మళ్లీ పిలవడం. ట్విన్ సోల్స్ అనే పెర్క్ వచ్చేదాకా మీకు ఒకసారికి ఒక్క జీవే ఉంటుంది. రెండోదాన్ని పిలవగానే మొదటిది మాయమై, పూర్తి ఆరోగ్యంతో కొత్తది వస్తుంది. దారిలో ఇరుక్కుపోయిన అట్రోనాక్‌ను తప్పించే మార్గం కూడా ఇదే. 60 సెకన్లు ఎదురుచూడనవసరం లేదు, మీకు కావలసిన చోట గురిపెట్టి మళ్లీ పిలవండి, పాతది దారి వదిలేస్తుంది. యుద్ధం మధ్యలో దాని ఆరోగ్యం పావు వంతుకు వచ్చిందనిపించగానే, అది కూలేదాకా ఆగకుండా, అదే ద్వారంలో మళ్లీ పిలవడం అలవాటు చేసుకోండి. కూలిపోయాక పిలిస్తే, మధ్యలో ఆ ఒకటి రెండు క్షణాలు ద్వారం ఖాళీగా ఉంటుంది, డెత్‌లార్డ్‌కు అంత చాలు. అతను అరిచే అరుపు నేరుగా మీమీద పడితే వెనక్కి ఎగిరి పడతారు, లేచేలోపు అతను మీ దగ్గర ఉంటాడు.

ఇలా పదేపదే పిలవాలంటే మాజికా, అంటే మంత్రశక్తి, కావాలి కదా అంటారు. ఫ్లేమ్ అట్రోనాక్ అసలు ఖర్చు 150, ఫ్రాస్ట్ అట్రోనాక్‌ది 215. నైపుణ్యం పెరిగేకొద్దీ ఇది కొంత తగ్గుతుంది, ఆ పైన అడెప్ట్ కంజురేషన్ పెర్క్ తీసుకుంటే సగమవుతుంది. ఆ పెర్క్‌కు నైపుణ్యం 50 ఉంటే చాలు, మీది 52. ఇంకా తీసుకోకపోయి ఉంటే ముందు ఆ పని చేయండి, మిగతావన్నీ తర్వాత. కంజురేషన్ ఖర్చు తగ్గించే మంత్రబలాన్ని ఉంగరం, హారం, టోపీ, అంగీ, ఈ నాలుగింటి మీదా వేసుకోవచ్చు. వస్తువులకు మంత్రబలం ఎక్కించే ఎన్‌చాంటింగ్ నైపుణ్యంలో 100కు చేరి తగిన పెర్కులున్నవారు ఒక్కొక్కదాని మీద 25 శాతం తగ్గింపు వేసి ఖర్చును సున్నాకు తెచ్చుకుంటారు. మీకు ఇప్పుడే అంత అవసరం లేదు, ఒకటి రెండు మామూలు వస్తువులు దొరికినా ద్వారాన్ని నిలబెట్టుకోవడానికి సరిపోతుంది.

పెర్కుల విషయంలో చాలామంది సలహాలు దెబ్బ బలాన్ని పెంచేవాటి వైపు పోతాయి. నేను అడెప్ట్ కంజురేషన్ తర్వాత మిగతా అన్నిటికంటే ముందు సమ్మనర్ పెర్క్ తీసుకోమంటాను. దాని మొదటి అంచెకు నైపుణ్యం 30 చాలు, జీవిని రెట్టింపు దూరంలో నిలబెట్టగలుగుతారు. రెండో అంచెకు 70 కావాలి, దూరం మూడు రెట్లవుతుంది. మొదటి అంచె మీకు ఎప్పుడో అందుబాటులోకి వచ్చింది. గోడ ఎక్కడ కట్టాలన్నది మీ చేతిలో ఉండడమే ఈ మొత్తం విద్యకు ప్రాణం కాబట్టి, గది అవతలి చివర ద్వారంలో కూడా గోడ కట్టగలిగితే మీ ముందు గదంతా ఖాళీగా, సురక్షితంగా మిగులుతుంది. ఆ తర్వాత 40 దగ్గర దొరికే అట్రోమాన్సీ తీసుకుంటే 60 సెకన్లు 120 అవుతాయి. 80 దగ్గర వచ్చే ఎలిమెంటల్ పొటెన్సీ జీవిని 50 శాతం బలంగా చేస్తుంది. రెండు చేతులతో ఒకేసారి మంత్రం వేసి జీవి ఉండే కాలాన్ని పెంచే పెర్క్ కూడా ఒకటుంది కానీ, మీలా ఆడేవారికి దాన్ని సిఫారసు చేయను. మళ్లీ పిలిస్తే పూర్తి ఆరోగ్యంతో వస్తుంది కాబట్టి, దెబ్బలు తిని నీరసించిన జీవిని ఎక్కువసేపు నిలబెట్టడానికి అంత మాజికా పోయడం నష్టమే.

చివరి ఇబ్బంది, పిలిచినా రాకపోవడం, మీరు రాసినదాంట్లో నన్ను అన్నిటికంటే ఎక్కువ ఆలోచింపజేసింది. చేయి కదులుతుంది, శబ్దం వస్తుంది, జీవి మాత్రం రాదు అన్నారు. ఆటలోని విండ్‌హెల్మ్ నగరానికి దక్షిణాన వేడినీటి గుంటలున్న నేలలో అట్రోనాక్ స్టోన్ అనే నిలువురాయి ఉంది. దాని వరం తీసుకున్నవారికి మాజికా 50 పెరుగుతుంది, మీ మీద పడే మంత్రాల్లో సగాన్ని పీల్చుకునే గుణం వస్తుంది, మాజికా తిరిగి నిండే వేగం మాత్రం తగ్గుతుంది. పేరు చూసి అట్రోనాక్‌లకు మేలు చేస్తుందేమోనని కంజురేషన్ మొదలుపెట్టిన చాలామంది ఆ వరం తీసుకుంటారు. కానీ ఆ పీల్చుకునే గుణం శత్రువుల మంత్రాలనే కాక మీరు జీవులను పిలిచే మంత్రాన్ని కూడా కొన్నిసార్లు మింగేస్తుంది. సగం అవకాశం అంటే, రెండుసార్లు పిలిస్తే ఒకసారి రాకపోవచ్చు. ఆల్టరేషన్ అనే మరో మంత్రవిద్యలో అట్రోనాక్ అనే పెర్క్ వల్ల కూడా, బ్రెటన్లకు రోజుకొకసారి వాడుకునే డ్రాగన్‌స్కిన్ శక్తి నడుస్తున్నప్పుడు కూడా ఇదే జరుగుతుంది. మీరు బ్రెటన్ కాబట్టి, ప్రాణం మీదకు వచ్చినప్పుడు ముందు డ్రాగన్‌స్కిన్ వాడి, వెంటనే అట్రోనాక్‌ను పిలుస్తున్నారేమో గమనించండి. పిలవడం ముందు, డ్రాగన్‌స్కిన్ తర్వాత, ఈ క్రమం ఎప్పుడూ మారకూడదు. కంప్యూటర్ మీద ఆడేవారు అభిమానులు రూపొందించిన అనధికార ప్యాచ్ వేసుకుంటే ఈ చిక్కు తొలగిపోతుంది. వేసుకోవడం ఇష్టం లేకపోతే ఆ రాయిని వదిలి, మీరున్న దశలో రివర్‌వుడ్ దగ్గరున్న మేజ్ స్టోన్‌కు వెళ్లండి. మంత్ర నైపుణ్యాలు 20 శాతం వేగంగా పెరుగుతాయి, మీకు 70 దాకా చేరాల్సిన అవసరం ఉంది కాబట్టి అది చక్కగా సరిపోతుంది.

నిప్పు విసిరే మాంత్రికులు, నిప్పు ఊదే డ్రాగన్లు ఎదురైనప్పుడు మాత్రం ఫ్రాస్ట్ అట్రోనాక్‌ను పక్కన పెట్టండి. అక్కడ అది నిలబడలేదు. మంచు ఊదే డ్రాగన్ అయితే దానికి మించిన తోడు లేదు. నైపుణ్యం 75 దాటి ఎక్స్‌పర్ట్ మంత్రాలు అందాక డ్రెమోరా లార్డ్ అనే యోధుడిని పిలిచే మంత్రం కొనమని అందరూ చెబుతారు. చంపడంలో అతను మిగతావాటికంటే మెరుగే, కానీ ద్వారం నిండా నిలబడే శరీరం అతనికి లేదు. నేను అతన్ని బయట మైదానాల్లో, ఫ్రాస్ట్ అట్రోనాక్‌ను సమాధుల్లో, గుహల్లో వాడతాను.

నైపుణ్యం 90కి చేరాక వింటర్‌హోల్డ్ కళాశాలలో కంజురేషన్ నేర్పే ఫినిస్ గెస్టర్‌ను కలవండి. ఆయన అప్పగించే పని పూర్తిచేస్తే ముందు ఫ్లేమ్ థ్రాల్ మంత్రం ఇస్తాడు, ఆ తర్వాత ఫ్రాస్ట్ థ్రాల్ ఆయన దగ్గరే కొనుక్కోవచ్చు. థ్రాల్‌కు కాలపరిమితి లేదు, ఎవరైనా కూల్చేదాకా మీతోనే ఉంటుంది. 100 దగ్గర ట్విన్ సోల్స్ తీసుకున్నాక ఇలాంటివి రెండు మీ వెంట నడుస్తాయి, మీరున్న గదికి రెండు ద్వారాలుంటే రెండింటినీ మూసేయవచ్చు. అప్పటిదాకా ఒక ద్వారమే ఉన్న చోటు చూసుకుని నిలబడండి. మీరు ఆగిపోయిన ఆ సమాధిలో, డెత్‌లార్డ్ గదిలోకి అడుగుపెట్టకముందే నడవవైపు తిరిగి చూడండి. వెనక అరల్లో ఇంకా ఎవరూ పడుకుని లేరని రూఢి చేసుకున్నాకే గది ద్వారానికి ఇవతల నిలబడి పిలవండి.